చనిపోయిన శాస్త్రవేత్త గది ఖాళీ చేయాలి. కాగితాలన్నీ స్కాన్ చేసి పారేయొచ్చా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ప్రయోగశాలలో నలభై ఏళ్లు పనిచేసిన ఒక భౌతిక శాస్త్రవేత్త కాలం చేశారు. ఆయన గదిలో ల్యాబ్ నోటుబుక్కులు, ఉత్తరాల ఫైళ్లు, ఫోటోలు, నెగటివ్‌లు, ఫ్లాపీలు, టేపులు, ఆయన చేత్తో తయారుచేసుకున్న రెండు మూడు పరికరాలు ఉన్నాయి. రెండు నెలల్లో గది అప్పగించాలి, పనికి ఇద్దరే ఉన్నారు. అన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టేసి కాగితాలు వదిలించుకోవచ్చా, లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తానండీ. పారేయకండి. స్కానింగ్‌తో మొదలుపెట్టనూ వద్దు. మొదట గదిని ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీయండి. తర్వాత పెట్టెల వారీగా జాబితా రాయండి. ఆ తర్వాత, పాడవుతున్నవాటిని మరింత పాడవకుండా ఆపండి. స్కానర్ వంతు దాని తర్వాతే, అదీ కొన్నింటికే. రెండు నెలల్లో ఇద్దరు మనుషులు నాణ్యంగా చేయగలిగేది కూడా ఇంతే. లెక్క చూడండి: మీటరు పొడవున పేర్చిన ఫైళ్లలో సుమారుగా 6 నుంచి 8 వేల కాగితాలుంటాయి. పిన్నులు తీసి, మడతలు విప్పి, అద్దం మీద పెట్టి, పేరు పెట్టి స్కాన్ చేస్తే గంటకు 50 పేజీలు అయితే గొప్ప. అంటే ఒక్క మీటరుకే 120 నుంచి 160 గంటలు. మామూలు గదిలో పది మీటర్ల సరుకు ఉంటుంది. స్కానింగ్‌తో మొదలుపెట్టినవాళ్లకు గడువు ముగిసేసరికి ఒక మూల నుంచి రెండు అరలు మాత్రమే పూర్తవుతాయి. మిగతాదంతా ఏముందో చూడకుండానే చెత్తకు వెళుతుంది.

వరుస చెదరకూడదు

ఈ పనిలో ఒకే ఒక్క నియమం గుర్తుపెట్టుకోమంటే ఇదే చెప్తాను. కాగితాలను ఆ వ్యక్తి ఏ వరుసలో పెట్టుకున్నారో ఆ వరుసలోనే ఉంచాలి. వేరేవాళ్ల కాగితాలతో కలపకూడదు. ఫ్రాన్సులో 1841లో, ప్రష్యాలో (జర్మనీలో భాగమైన పాత రాజ్యం) 1881లో అధికారికంగా రాసిపెట్టుకున్న సూత్రాలివి. ఇప్పటికీ ఆర్కైవులు, అంటే పాత రికార్డులను భద్రపరిచే సంస్థలు, నడిచేది వీటి మీదే. గ్రంథాలయంలో పుస్తకాలను విషయం ప్రకారం సర్దుతారు కదా, అదే పద్ధతి ఇక్కడ మక్కీకి మక్కీ దింపితే మొదటికే మోసం వస్తుంది. పుస్తకం ఒంటరిగా నిలబడగలదు. ఆర్కైవులోని కాగితానికి మాత్రం సగం అర్థం పక్కనున్న కాగితాల నుంచి వస్తుంది.

నోటుబుక్కులో రెండు పేజీల మధ్య తేదీ లేని ఒక గ్రాఫు ఉందనుకోండి. అది అక్కడే ఉన్నంతకాలం ఏ ప్రయోగానిదో తెలుస్తుంది. 'గ్రాఫులన్నీ ఒకచోట' అని తీసి కట్ట కట్టారంటే అది గీతలున్న కాగితం మాత్రమే. ఒక ఫైలులో ఉత్తరం, దాని వెనకే తిరస్కరణ లేఖ, దాని వెనకే తిరగరాసిన చిత్తుప్రతి ఉంటే ఒక ఆలోచన ఎలా మారిందో ఆ వరుసే చెబుతుంది. ఉత్తరాలన్నీ ఒక పెట్టెలోకి, చిత్తుప్రతులన్నీ ఇంకో పెట్టెలోకి వెళ్లాయంటే, చరిత్రకారుడు దాన్ని మళ్లీ కూర్చడానికి ఏళ్లు పడుతుంది. కూర్చలేకపోవచ్చు కూడా.

అందుకని మొదటి రోజు ఏదీ కదపకుండా ఇలా చేయండి. గుమ్మం దగ్గర నిలబడి ఎడమ నుంచి కుడికి గదినంతా ఫోటోలు తీయండి. ప్రతి బీరువాకూ, ప్రతి అరకూ, ప్రతి సొరుగుకూ ఒక సంఖ్య ఇవ్వండి. ఆ సంఖ్య రాసిన చీటీ ఫ్రేములో కనిపించేలా ఒక్కో అరను విడిగా ఫోటో తీయండి. బల్ల మీదున్న కుప్పలను పైనుంచీ పక్కనుంచీ తీయండి. గోడకు అంటించినవి, నల్లబల్ల మీద రాసినవి కూడా వదలొద్దు. ఆ తర్వాత ఒక అరలోని సరుకును ఎడమ నుంచి కుడికి అదే వరుసలో పెట్టెలోకి దించి, పెట్టె మీద అర సంఖ్య రాయండి. ఒక అర సగంలో పెట్టె నిండితే 1, 2 అని వేయండి. వేర్వేరు అరల సరుకును ఒకే పెట్టెలో కుక్కకండి, పెట్టెలో ఖాళీ మిగిలినా సరే.

ఏది ముఖ్యమో ఈరోజే తేల్చేయకండి

'ముఖ్యమైనవి ఉంచి మిగతావి తీసేద్దాం' అనే మాట ప్రతి గదిలోనూ వినిపిస్తుంది. ఇది ఎంత ప్రమాదమో చెప్పడానికి న్యూటన్ కాగితాల కథ చాలు. ఆయన బంధువుల కుటుంబంలో వంశపారంపర్య సొత్తుగా ఉన్న కాగితాలు 1872లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చేరాయి. అక్కడి పండితులు 1888కల్లా సూచిక తయారుచేశారు. గణితం, భౌతికశాస్త్రం ఉంచుకుని, రసవాదం, మతచింతనకు సంబంధించినవాటిని శాస్త్రానికి పనికిరావని కుటుంబానికి తిప్పి పంపారు. 1936లో అవి లండన్‌లో వేలానికొచ్చి 329 ముక్కలుగా చెదిరిపోయాయి. ఆర్థికవేత్త కీన్స్ రసవాద పత్రాలను వీలైనన్ని వెతికి కొని కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీకి దక్కేలా చేశాడు. యహూదా అనే పండితుడు కొన్న మతసంబంధ పత్రాలు ఇప్పుడు జెరూసలేం జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఈ రోజు న్యూటన్‌ను అర్థం చేసుకోవాలనుకునే చరిత్రకారులు ముందు అడిగేవాటిలో ఆ 'పనికిరాని' కాగితాలూ ఉన్నాయి.

రామానుజన్ విషయంలో ఇంకొంచెం ఉంటే నష్టమే జరిగిపోయేది. చివరి ఏడాదిలో ఆయన రాసిన కాగితాలు చేతులు మారి గణితవేత్త వాట్సన్ దగ్గరకు చేరాయి. 1965లో వాట్సన్ చనిపోయాక ఆయన గదిలో కాగితాలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. మరి కొన్ని రోజుల్లో తగలబెట్టాల్సినవి. చూడడానికి వెళ్లిన మరో గణితవేత్త విటేకర్ చేతికి తగిలినవాటిలో రామానుజన్ రాతప్రతి ఉంది. 1968లో అది ట్రినిటీ కాలేజీ గ్రంథాలయానికి వెళ్లింది. 1976లో జార్జ్ ఆండ్రూస్ పెట్టె తెరిచి చూసేదాకా గణితలోకానికి దాని సంగతి తెలియదు. 600కు పైగా సూత్రాలున్న ఆ కాగితాలనే ఇప్పుడు 'పోయిన నోటుబుక్కు' అంటున్నాం. దీనిలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, గది ఖాళీ చేసే వారమే అన్నిటికన్నా ప్రమాదకరమైన వారం. రెండోది, భద్రంగా ఉండటమూ అందుబాటులో ఉండటమూ ఒకటి కాదు. గ్రంథాలయంలో ఎనిమిదేళ్లు భద్రంగానే ఉంది, తెలిసినవాడు చూడలేదు అంతే. జాబితా అవసరం అక్కడే తెలుస్తుంది.

అయినా గదిలో ఉన్న ప్రతిదాన్నీ ఉంచుకోవడం అసాధ్యం, అది నాకూ తెలుసు. ఎక్కడైనా దొరికే పత్రికల సంచికలు, ఒకే వ్యాసం విడిప్రతులు యాభై ఉంటే రెండు ఉంచి మిగతావి, పరికరాల కంపెనీల ప్రకటనల క్యాటలాగులు, ఖాళీ ఫారాలు, కరెంటు బిల్లులు తీసేయొచ్చు. కానీ తీసేముందు ప్రతి విడిప్రతినీ తిరగేయండి. మార్జిన్‌లో ఒక్క పెన్సిల్ గీత ఉన్నా అది రాతప్రతే.

కచ్చితంగా ఉంచాల్సినవాటిలో జనం పొరపాటున పారేసేవి కొన్ని చెప్తాను: విఫలమైన ప్రయోగాల రికార్డులు, మంజూరు కాని నిధుల దరఖాస్తులు, తిరస్కరణ లేఖలు, పరికరాలు సరిచూసిన క్యాలిబ్రేషన్ పుస్తకాలు, వర్క్‌షాపుకు ఇచ్చిన చేతిగీత డ్రాయింగులు, సామాన్ల కొనుగోలు రిజిస్టర్లు, సెమినార్ల హాజరు కాగితాలు. అచ్చయిన వ్యాసం ఫలితాన్ని చెబుతుంది. ఆ ఫలితం దాకా ఎలా వచ్చారో చెప్పేవి ఇవే. ఓడల లాగ్‌బుక్కుల్లో రోజూ రాసిన గాలి, ఉష్ణోగ్రత, పీడనం అంకెలను రాసినవాళ్లు పాతకాలపు వాతావరణ చరిత్ర కోసం రాయలేదు. 2010లో మొదలైన 'ఓల్డ్ వెదర్' పథకంలో వలంటీర్లు వాటిని టైపు చేసి ఇచ్చాక వాతావరణ శాస్త్రవేత్తలకు అవే ముడిసరుకు అయ్యాయి.

చేయి పెట్టే ముందు

ప్రయోగశాల గది కాబట్టి ముందు ప్రమాదాల సంగతి చూడాలి. సొరుగుల్లో చిన్న సీసాలు, పేరులేని పొడి ఉన్న కవర్లు, చీకట్లో మెరిసే పాత డయల్స్, పగిలిన థర్మామీటర్లు కనిపిస్తే తెరవకండి, ఊడ్చకండి. సంస్థలోని భద్రతాధికారిని పిలవండి. రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసిన గది అయితే కాగితాలను కూడా రేడియోధార్మికతను కొలిచే గైగర్ కౌంటర్‌తో పరీక్షింపజేయాలి. మేరీ క్యూరీ నోటుబుక్కులు ఇప్పటికీ ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో సీసం పూత ఉన్న పెట్టెల్లోనే ఉన్నాయి. వాటికి అంటిన రేడియం-226 సగానికి తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది మరి.

బూజు పట్టినవి వేరు పెట్టాలి. ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, ఎన్95 మాస్కు తప్పనిసరి. మిగతా మామూలు కాగితానికి తొడుగులు అక్కర్లేదు, కడిగి ఆరబెట్టుకున్న చేతులే మంచివి. నూలు తొడుగులతో పేజీ అంచు తెలియక చింపేస్తారు. ఫోటోలకు, నెగటివ్‌లకు మాత్రం నైట్రైల్ తొడుగులు వేసుకోండి. గదిలో ఇంకు పెన్నే ఉండకూడదు, పెన్సిలే వాడాలి.

పాడవుతున్నవాటిని ఆపడం

తేమ మొదటి శత్రువు. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్ని రోజులుంటే బూజు మొదలవుతుంది. 35 నుంచి 50 శాతం తేమ, 18-20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత కాగితానికి సుఖం. అంత కుదరకపోతే కనీసం హెచ్చుతగ్గులు లేని గదిని ఎంచుకోండి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గది కన్నా, ఏసీ లేకపోయినా రోజంతా ఒకేలా ఉండే లోపలి గది నయం. పెట్టెలు నేల నుంచి కనీసం 15 సెంటీమీటర్లు పైన ఉండాలి, బయటి గోడకు ఆనకూడదు, పైన నీటి పైపు ఉండకూడదు.

తడిసినవి దొరికితే 48 గంటల్లోపు ఆరబెట్టాలి. అంతలో కుదరదనిపిస్తే ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టాక సమయం మీ చేతుల్లోకి వస్తుంది, నెలల తర్వాత నిపుణులతో ఆరబెట్టించుకోవచ్చు. పురుగు పట్టిన పొడి కాగితాలకూ చలే మందు. పాలిథీన్ సంచిలో గాలి పిండేసి మూతి బిగించి, మైనస్ 20 డిగ్రీలలో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి. విప్పితే చల్లటి కాగితం మీద తేమ చేరుతుంది. ఫోటోలు, గాజు ప్లేట్లు ఈ పద్ధతిలో పెట్టొద్దు. నాఫ్తలీన్ ఉండలు అసలే వద్దు. వాటి ఆవిరి మనిషికి హాని, కొన్ని ప్లాస్టిక్‌లనూ పాడుచేస్తుంది.

రబ్బరు బ్యాండ్లు, తుప్పు పట్టిన పిన్నులు, జెమ్ క్లిప్పులు తీసేయాలి. పిన్ను లాగకండి. సన్నని బల్లపరుపు లోహపు పట్టీని దాని కాళ్ల కింద దూర్చి నిదానంగా పైకి లేపండి. అది కట్టి ఉంచిన కాగితాలు విడిపోకుండా మడిచిన తెల్ల కాగితం ఒకటి చుట్టూ తొడగండి. ఏయే కాగితాలు కలిసి ఉండేవో అన్నది కూడా వరుసలో భాగమే. సెల్లోటేపుతో అంటించినవాటిని పీకే ప్రయత్నం చేయకండి, కొత్త టేపు వేయకండి, ల్యామినేషన్ మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయించకండి. ల్యామినేషన్ చేసిన కాగితాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం.

ఫోల్డర్లు, పెట్టెలు ఆమ్లరహితమైనవి కొనాలి. ఇక్కడ చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. మామూలు కాగితాలకు కాల్షియం కార్బొనేట్ కలిపిన క్షారగుణం ఉన్న ఫోల్డర్లు మంచివి, కాగితంలో పుట్టే ఆమ్లాన్ని అవి తినేస్తాయి. కానీ నీలి రంగు బ్లూప్రింట్లను వాటిలో పెట్టకూడదు. ఆ నీలం క్షారానికి వెలిసిపోతుంది. పరికరాల డ్రాయింగులు ఎక్కువగా బ్లూప్రింట్లే కాబట్టి, వాటికి క్షారం కలపని తటస్థమైన ఫోల్డర్లు విడిగా తెప్పించుకోండి. ఫోటోలకు పీవీసీ కవర్లు వద్దు, అంటుకుపోతాయి. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ కవర్లు పనికొస్తాయి.

వెంటనే చూడాల్సినవి మూడు ఉన్నాయి. థర్మల్ కాగితం మీద ముద్రైన ఫ్యాక్సులు, రికార్డర్ చార్టులు వేడికీ వెలుగుకూ చెరిగిపోతాయి. స్కానింగ్ వరుసలో వీటిదే మొదటి స్థానం. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాత నెగటివ్‌ల డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఫిలిం కుళ్లడం మొదలైందన్నమాట. ఆ ఆవిరి పక్క ఫిలింలకూ అంటిస్తుంది. వేరుచేసి, చల్లటి చోట పెట్టి, ముందుగా స్కాన్ చేయించండి. 1950లకు ముందు ఫిలిం అయితే నైట్రేట్ కావచ్చు. అది తేలిగ్గా అంటుకుంటుంది, ఆరదు. ఆర్కైవు నిపుణులు వచ్చేదాకా కదపకండి.

జాబితా ఎలా రాయాలి

అంతర్జాతీయ ఆర్కైవుల మండలి ప్రమాణంలో వివరాల గళ్లు 26 ఉన్నాయి. భయపడకండి, తప్పనిసరివి ఆరే: గుర్తింపు సంఖ్య, శీర్షిక, సృష్టించినవారు, తేదీలు, పరిమాణం, ఏ స్థాయి వివరణ అన్నది. స్థాయి అంటే మొత్తం సేకరణ గురించి చెబుతున్నామా, ఒక విభాగం గురించా, ఒక ఫైలు గురించా అని. ఫైలు స్థాయికి దిగితే చాలు. ఒక్కో కాగితానికి ఒక్కో వరుస రాయాలని కూర్చుంటే పని ముగియదు.

ఒక ఫైలుకు ఇలా రాస్తే సరిపోతుంది (3/12 అంటే మూడో పెట్టెలో పన్నెండో ఫోల్డర్):

3/12. వాక్యూమ్ పంపు తయారీ గురించి వర్క్‌షాపుతో ఉత్తరాలు. 1968-1971. 1 ఫోల్డర్, సుమారు 140 కాగితాలు. పంపిన ఉత్తరాల కార్బన్ కాపీలు సహా. ఏడు బ్లూప్రింట్లు తీసి 9/2లో పెట్టాం.

ఈ చివరి వాక్యం చూడండి. పరిమాణం వల్లో పదార్థం వల్లో ఏదైనా వేరే చోటికి మార్చాల్సి వస్తే, తీసిన చోట ఒక చీటీ, పెట్టిన చోట ఒక చీటీ, జాబితాలో ఒక మాట. మూడూ ఉండాలి. శీర్షికలో ఆయన ఫైలు మీద రాసుకున్న పేరును కొటేషన్లలో అలాగే ఉంచి, అర్థం కానిదైతే పక్కన మీ వివరణ రాయండి. 'ఇతరాలు' అనే శీర్షిక పెట్టకండి. దాని కింద ఏముందో ఎవరూ వెతకరు.

ఆయనతో పనిచేసిన సహోద్యోగులు, విద్యార్థులు, ముఖ్యంగా టెక్నీషియన్లు ఎవరెవరు అందుబాటులో ఉన్నారో ఈ రెండు నెలల్లోనే కనుక్కోండి. పేర్లు రాయని గ్రూపు ఫోటోల నకళ్లు తీసి వాళ్ల ముందు పెట్టండి. ఊరికే 'ఆయన గురించి చెప్పండి' అంటే అభినందన సభ ప్రసంగం వస్తుంది. నోటుబుక్కులో ఒక పేజీ తెరిచి, 'ఇక్కడ నాలుగు రోజులు రీడింగులు లేవు, ఏం జరిగింది?' అని అడిగితే అసలు విషయం వస్తుంది. ఒక్కో కూర్చునే సమయం గంటన్నర మించొద్దు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా రికార్డు చేయండి, స్టీరియో అయితే గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. ఎక్కడెక్కడ వాడుకోవచ్చో ఆ రోజే సంతకంతో అనుమతి తీసుకోండి.

ఇప్పుడు స్కానర్

ముందు ల్యాబ్ నోటుబుక్కులు, చెరిగిపోతున్నవి, పేర్లు దొరికిన ఫోటోలు. ఆ తర్వాత సమయం ఉంటే ఉత్తరాలు. రాతకు 400 పీపీఐ (అంగుళానికి 400 పిక్సెళ్లు), 24 బిట్ కలర్ వాడండి. నలుపు-తెలుపు పెట్టారంటే పెన్సిల్ రాత, ఎర్ర ఇంకు దిద్దుబాట్లు, తర్వాతెప్పుడో నీలి పెన్నుతో చేర్చిన మాటలు అన్నీ ఒకటైపోతాయి. ఏది ముందు రాశారో ఏది తర్వాత చేర్చారో చెప్పేది ఆ రంగులే. ఫోటో ప్రింట్లకు 600, 35 మిల్లీమీటర్ల నెగటివ్‌లకు 4000 పీపీఐ దాకా వెళ్లాలి. మూలప్రతి టిఫ్ ఫైలుగా దాచి, చూపించడానికి జేపెగ్, పీడీఎఫ్ చేసుకోండి. ఏ4 పేజీ 400 పీపీఐలో సుమారు 46 ఎంబీ వస్తుంది. 200 పేజీల నోటుబుక్కుకు 9 జీబీ పైనే. డిస్కులు కొనేముందు ఈ లెక్క వేసుకోండి.

అట్ట, లోపలి అట్ట, ఖాళీ పేజీలు, అన్నీ స్కాన్ చేయాలి. ఖాళీ పేజీ వదిలేస్తే చూసేవాడికి పేజీ చిరిగిందో, దాచారో, ఖాళీగా ఉందో తెలియదు. మధ్యలో విడి కాగితం ఉంటే ముందు ఉన్నచోట ఉన్నట్టే ఒక చిత్రం, తర్వాత తీసి రెండువైపులా, ఆ తర్వాత కింది పేజీ. ఫైలు పేరులో పెట్టె, ఫోల్డర్, పేజీ సంఖ్యలే ఉండాలి: 03-12-0045 లాగా. పేజీ సంఖ్య ముందు సున్నాలు పెట్టకపోతే కంప్యూటర్ 2 కన్నా ముందు 10ని పెడుతుంది.

స్కాన్ అయ్యాక కాగితం ఎందుకు అన్నారు కదా. ఆర్కిమిడీస్ రాతప్రతి దీనికి సమాధానం. పదో శతాబ్దంలో రాసిన ఆ ప్రతిని పదమూడో శతాబ్దంలో గీకేసి, దాని మీద ప్రార్థనలు రాశారు. 1906లో హైబర్గ్ అనే పండితుడు అడుగున ఉన్న గ్రీకు అక్షరాలను చదివి, ఫోటోలు తీయించాడు. ఆ తర్వాత ప్రతి చేతులు మారి బూజు పట్టింది, మూడు ఆకులు మాయమయ్యాయి. ఆ మూడింటికి ఇప్పుడు మనకున్న ఆధారం ఆ ఫోటోలే. కాబట్టి నకలు కావాలి. కానీ 1998 తర్వాత వేర్వేరు రంగుల కాంతిలో చిత్రాలు తీసినప్పుడు, హైబర్గ్ కంటికి అందని వాక్యాలు బయటపడ్డాయి. పాత ఫోటోల నుంచి అవి ఎప్పటికీ వచ్చేవి కావు. కాబట్టి అసలూ కావాలి. స్కాన్ అంటే ఈరోజు మనకు తట్టిన ప్రశ్నకు జవాబు మాత్రమే.

హార్వర్డ్ అబ్జర్వేటరీలో 5 లక్షలకు పైగా ఆకాశపు గాజు ప్లేట్లు ఉన్నాయి. వాటి మీద హెన్రియెట్టా లెవిట్ వంటి మహిళలు నక్షత్రాల పక్కన ఇంకుతో గుర్తులు పెట్టారు. నక్షత్రాల కాంతిని కొలవడానికి స్కాన్ చేయాలంటే ఆ గుర్తులు అడ్డం. అబ్జర్వేటరీవాళ్లు ముందు గుర్తులతో సహా ఫోటో తీసి, ఆ తర్వాతే తుడిచి స్కాన్ చేశారు. ఖగోళ శాస్త్రానికి అడ్డమైనవే శాస్త్రచరిత్రకు అసలు ఆధారం కాబట్టి, మరీ విలువైన కొన్ని ప్లేట్లను తుడవకుండా ఉంచడమే మంచిదని నా ఉద్దేశం.

ఇల్లు అలకగానే పండగ కాదు. స్కాన్లు కాగితం కన్నా త్వరగా పోతాయి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే భవనంలో ఉండాలి. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం) లెక్కించి ఒక టెక్స్ట్ ఫైలులో దాచండి, ఏడాదికోసారి మళ్లీ లెక్కించి పోల్చండి. ఒక్క బిట్ మారినా తెలిసిపోతుంది. హార్డ్ డిస్కులను ఐదేళ్లకోసారి మార్చండి.

ఫ్లాపీలు, టేపులు, పరికరాలు

ఫ్లాపీని కంప్యూటర్‌లో పెట్టేముందు రాతను అడ్డుకోవాలి. మూడున్నర అంగుళాలదైతే మూలనున్న చిన్న తలుపు జరిపి రంధ్రం తెరవాలి. ఐదుంబావు అంగుళాలదైతే అంచున ఉన్న గాడిని అపారదర్శకమైన టేపుతో మూయాలి. రెండూ తలకిందులు, పొరబడకండి. విడి ఫైళ్లు కాపీ చేయడం కాకుండా డిస్కు మొత్తానికి ఇమేజ్, అంటే ఒక్క బిట్ కూడా వదలని పూర్తి నకలు, తీయండి. చెరిపేసిన చిత్తుప్రతులు, అసలు తేదీలు అందులోనే దొరుకుతాయి. బజారులో దొరికే యూఎస్‌బీ డ్రైవులు ఐదుంబావు అంగుళాలవాటిని చదవవు. వాటికి గ్రీజ్‌వీజిల్, క్రయోఫ్లక్స్ లాంటి పరికరం, పాత డ్రైవు కావాలి.

అయస్కాంత టేపు జిగురుగా, కీచుమంటూ తిరిగితే వెంటనే ఆపేయండి. కొన్ని టేపులను సుమారు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి బాగుచేస్తారు. అసిటేట్ టేపుకు అదే చేస్తే నాశనమవుతుంది, కాబట్టి ఇది నిపుణుల పని. చంద్రుడి మీద తొలి అడుగుల అసలు ప్రసారపు టేపులను నాసా చెరిపి మళ్లీ వాడుకుందని 2009లో తేలింది. 1966-67లో లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన చిత్రాల టేపులు మాత్రం, టేపులతో పాటు వాటిని చదివే ఆంపెక్స్ యంత్రాలను కూడా దాచినవాళ్లు ఉండబట్టి దశాబ్దాల తర్వాత మొదటికన్నా స్పష్టంగా బయటికొచ్చాయి. చదివే యంత్రం గదిలో ఉంటే అది కూడా సేకరణలో భాగమే.

పరికరాలను తోమి మెరిపించకండి, ఆన్ చేసి చూడకండి. బ్యాటరీలు తీసేసి, సీరియల్ నంబరు రాసుకుని, నాలుగు వైపులా ఫోటోలు తీసి, అది ఏ నోటుబుక్కులో ఏ పేజీలో వాడారో జాబితాలో కలపండి.

అందరికీ చూపించేముందు

ఇక్కడ చట్టం సంగతి ఉంది, చాలామంది జారిపడేది ఇక్కడే. ఆయనకు వచ్చిన ఉత్తరం కాగితంగా ఆయన సొత్తు, ఇప్పుడు వారసులది. కానీ అందులోని మాటల మీద కాపీరైటు రాసినవారిదే. పది మంది రాసిన ఉత్తరాలను ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ఆ పది మంది అనుమతి కావాలి. ఉద్యోగంలో ఉండగా రాసిన నోటుబుక్కులు సంస్థవి కూడా కావచ్చు. విద్యార్థుల మార్కులు, సిఫారసు లేఖలు, రహస్యంగా రాసిన సమీక్షలు, రోగుల వివరాలు ఉన్న ఫైళ్లను కొన్ని దశాబ్దాలు మూసి ఉంచాలి. పారేయకూడదు, మూయాలి. జాబితాలో 'ఫలానా సంవత్సరం దాకా మూసి ఉంది' అని కనిపించేలా రాయాలి.

జాబితాకు మాత్రం ఈ చిక్కులు తక్కువ. అందుకే చిత్రాలకన్నా ముందు జాబితాను ఇంటర్నెట్‌లో పెట్టండి. దేశం అవతలున్న పరిశోధకుడికి ఫలానా ఫైలు ఉందని తెలిస్తే చాలు, ఉత్తరం రాస్తాడు. శాస్త్రవేత్త పేరుకు వికీడేటాలో (ఎవరైనా చేర్చగల ఉచిత ఆన్‌లైన్ సమాచార కోశం) ఒక నమోదు చేసి, కాగితాలు ఏ సంస్థలో ఉన్నాయో అందులో చేర్చండి. అనుమతి ఉన్న చిత్రాలను ట్రిపుల్-ఐ-ఎఫ్ (చిత్రాలను సంస్థల మధ్య పంచుకునే ఉమ్మడి ప్రమాణం) పద్ధతిలో పెట్టగలిగితే, రెండు వేర్వేరు గ్రంథాలయాల్లో ఉన్న పేజీలను చదివేవాడు ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి చూసుకోగలడు. ఒకరి ఉత్తరం ఒకచోట, దానికి జవాబు ఇంకోచోట ఉండే శాస్త్రవేత్తల లేఖలకు దీనికి మించిన సౌకర్యం లేదు.

చివరికి ఎవరికివ్వాలి? ఆయన పేరున్న సంస్థ కన్నా, కాగితాలు చూడడానికి చదువుకునే గది, జీతమిచ్చి పెట్టుకున్న ఆర్కైవిస్టు, తేమ లెక్కల రికార్డు ఉన్న సంస్థ మేలు. పరికరాలు మ్యూజియానికి, కాగితాలు ఆర్కైవుకు వెళితే రెండు జాబితాల్లోనూ ఒకదానికొకటి ప్రస్తావన ఉండాలి. ఇచ్చేముందు రాతపూర్వకంగా అడగాల్సినవి: జాబితా ఎప్పటికి పూర్తి చేస్తారు, వద్దనుకున్నవాటిని మాకు తిప్పి ఇస్తారా లేక వేరే ఆర్కైవుకు ఇస్తారా, సేకరణను ముక్కలు చేయరు కదా, స్కాన్ల మీద హక్కు ఎవరిది. ఇవన్నీ దానపత్రంలో ఉండాలి, వారసులందరి సంతకాలు ఉండాలి.

అప్పగించే రోజు పెట్టెలు లెక్కపెట్టి, జాబితా ప్రతి పేజీ మీద ఇరువైపులా సంతకాలు చేసుకోండి. గది ఫోటోలు, జాబితా, మీరు ఎక్కడ ఏం కదిపారో రాసుకున్న నోట్సు కూడా ఒక పెట్టెలో పెట్టి సేకరణతో పాటే ఇవ్వండి. తర్వాత కూడా, ఏదైనా ఫొటో కోసమో ప్రదర్శన కోసమో అర నుంచి బయటికి వెళ్లినప్పుడల్లా దాని స్థానంలో తేదీ, తీసినవారి పేరు ఉన్న చీటీ పెడతారో లేదో అడగండి. కేంబ్రిడ్జిలో డార్విన్ నోటుపుస్తకాలు రెండు, వాటిలో ఒకటి 1837 నాటి జీవవృక్షం గీసినదే, 2000లో ఫోటోల కోసం బయటికి తీశారు. కొన్ని నెలల తర్వాత తనిఖీలో కనిపించలేదు. వేరే అరలో పెట్టి ఉంటారనుకుంటూ ఏళ్లు గడిచాయి. దొంగతనమై ఉండొచ్చని 2020లో గానీ ప్రకటించలేదు. 2022 మార్చిలో ఎవరో గులాబీ రంగు సంచిలో పెట్టి గ్రంథాలయం లోపల లైబ్రేరియన్ గది బయట వదిలి వెళ్లారు కాబట్టి దొరికాయి.